రెండో కూత

మా వదిన పనేమిటో చెబితే కోతలు కోస్తున్నానంటారు. నీళ్ల సరఫరా ఆఫీసులో పాత ప్రోగ్రాము తీసి కొత్తది పెడుతుంది. రెండూ ఒకటేనని రుజువు చేశాకే పెడుతుంది. ఏది అడిగినా రెండూ ఒకే జవాబివ్వాలి, మారినట్టు బయట ఎవరికీ తెలియకూడదు. చదువు మధ్యలో వదిలేసిన నాకే ఇది ఒక్క పూటలో బుర్రకెక్కింది. వదిలేసింది నా తెలివికి కాలేజీ చాలకే లెండి.

ఆ పాత ప్రోగ్రాము రాసింది చనిపోయిన మా అన్న. సాయంత్రం నీళ్లు వదిలేముందు అది ట్యాంకు మట్టం చూస్తుంది, సరిచూసుకోవడానికి వెంటనే మళ్లీ చూస్తుంది. చూసిన ప్రతిసారీ ఆఫీసు మేడమీది సైరను ఒక కూత కూస్తుంది. రెండో కూత పడగానే అన్న ఇంటికి బయలుదేరేవాడు, అమ్మ కంచాలు పెట్టేది. అతను పోయాక కూడా రెండో కూత వినందే అమ్మ వీధి తలుపు వెయ్యనివ్వదు, మెతుకు ముట్టదు.

మట్టమెంతని ఒకే ప్రశ్న రెండుసార్లు అడగడం దండగనుకుంది వదిన. ఒకసారి అడిగి, ఆ జవాబునే రెండు చోట్లా వాడింది. జవాబులన్నీ పొల్లుపోకుండా కలిశాయి. కూత జవాబు కాదు గదా, లెక్కలోకి రాలేదు.

ఆ సాయంత్రం ఒక్కటే కూత.

"వాడింకా బయల్దేరలేదమ్మాయ్," అంది అమ్మ. అన్నం చల్లారిపోయింది.

మర్నాడూ అంతే. తెరిచిన తలుపు గాలికి కొట్టుకుంటుంటే, దెయ్యంతో పేకాడి గెలిచానని వీధంతా చెప్పుకున్న నేను ముసుగు తన్నాను. అమ్మ నీరసించి గోడకు చేరబడింది.

"రెండూ ఒకటేనని రుజువు చేశావుగా వదినా, అమ్మకీ చెయ్యి మరి," అని వేళాకోళమాడాను.

వదిన నవ్వలేదు. "ఏం చెబుతుందో చూశాను గానీ, చెప్పేలోపు ఏం చేస్తుందో చూడలేదు," అంది.

వెళ్లి రెండో ప్రశ్న తిరిగి పెట్టింది. దాని జవాబు ఎవరికి కావాలని పైఅధికారి అడిగాడట. ఎవరికీ అక్కర్లేదు, అయినా అడగాల్సిందేనందట.

సాయంత్రం మొదటి కూత. ముగ్గురం చెవులు రిక్కించాం. రెండోది.

"వచ్చేస్తాడు," అని కంచాలు పెట్టి, "ఇక తలుపెయ్యి," అంటూ అమ్మ కంచం దగ్గరికి లాక్కుంది.

వదిన లేచింది. తలుపు మూసేముందు, లోపలికొస్తున్న మనిషికి తప్పుకున్నట్టు గోడవైపు ఒదిగింది. అంత చదువుకున్న మనిషి! ఎగతాళి చేద్దామనుకున్నాను గానీ, అప్పటికే దారికి అడ్డమని నా కాళ్లు ముడుచుకుని ఉన్నాను.