తొమ్మిదో తరగతి ఏకగ్రీవం

పేపర్లో ‘ఏకగ్రీవం’ అన్న మాట కనపడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, చిలకలూరిపేట దగ్గర మా ఊరి హైస్కూల్లో సోషల్ మాస్టారి పోస్టు ఖాళీగా ఉండేది. నేను బడికి పోయి చదివినవాణ్ణి కాదు. రాజ్యాంగం గ్రంథాలయంలో కూర్చుని సొంతంగా చదువుకున్నదే. అది తెలిసి హెడ్మాస్టరుగారు పిలిచి, "పౌరశాస్త్రం మీరు చెప్పండి, పరీక్షలో బిట్లు రాస్తే చాలు" అన్నారు.

బిట్లట! ఓటు సంగతి బిట్లలో వస్తుందా? రహస్య ఓటు పాఠం చెప్పి, తొమ్మిదో తరగతి వాళ్ళను లీడర్ని ఎన్నుకోమన్నాను. ఇద్దరు నిలబడ్డారు. ఒకడు పంచాయతీ ప్రెసిడెంటుగారి అబ్బాయి. రెండోది మిరపకోతలకు పోయే ఇంటి పిల్ల. తరగతిలో నన్ను నిలదీసి ప్రశ్నలడిగేది ఆ పిల్లొక్కతే.

మర్నాడు అట్టపెట్టెకు సందు కోసి తీసుకెళ్ళాను. ఒకటే చప్పట్లు.

"పెట్టెందుకు సార్? ఏకగ్రీవం చేసేశాం!"

"ఎవర్రా చేసింది?"

"మేమే. మొన్న ఊళ్ళో ప్రెసిడెంటుగార్ని చెయ్యలా? అట్టాగే. పోటీ పెడితే గొడవలొస్తాయంటగా."

"మరి ఆ అమ్మాయి?"

"తప్పుకోమన్నాం సార్. వాళ్ళమ్మ వీడి చేలోకేగా కోతకొచ్చేది!"

ఊరి పెద్దల మాటలే, మీసాలైనా రాని నోళ్ళలో. అదే నవ్వు కూడా.

"నువ్వు తప్పుకున్నావా అమ్మా?" అని ఆ పిల్లనడిగాను. లేచి నిలబడింది.

"లేదు సార్. నన్నెవరూ అడగలా. చెప్పారంతే."

పెట్టె బల్ల మీద పెట్టాను. చప్పట్లు కొట్టినవాళ్ళే ఒక్కొక్కరూ వచ్చి, పక్కవాడికి కనపడకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని చీటీ రాశారు. ఆ అరచేతులు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

చివరి చీటీ పడుతుండగా హెడ్మాస్టరుగారు వచ్చారు.

"ఏకగ్రీవమైందన్నారుగా, మళ్ళీ ఇదేంటండీ? ప్రెసిడెంటుగారికి నేనేం చెప్పుకోను?"

"ఓట్లు పడ్డాయండీ. లెక్కపెట్టకుండా ఎట్టా?"

"ఊరి తగాదాలు బడిలోకి తేకండి. రేపట్నుంచి మీరు రావద్దు."

పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళిపోయారాయన. నేను అరుస్తూ ఆఫీసు గది దాకా పోయాను. తలుపేసుకున్నారు.

గేటు దగ్గర ఆ పిల్ల నిలబడి ఉంది.

"ఓడిపోయినా ఏం కాదు సార్. నాకెన్నొచ్చాయో చెప్పండి."



ఆ తర్వాత ఒకసారి పనిబడి ఆ ఆఫీసు గదికి వెళ్ళాను. నేను సందు కోసిన పెట్టె బల్ల మీదే ఉంది. నిండా సుద్దముక్కలు. చీటీలేవండీ అంటే హెడ్మాస్టరుగారు, "ఏ చీటీలు?" అన్నారు.