నూకరత్నం చెప్పిన నొప్పి

2021 మే నెల, కరోనా రెండో వేవ్ రోజులు. అప్పుడు నేను గోపాలపట్నంలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. కోవిడ్ వార్డులో ఇరవై మంచాలు, నర్సులం ఇద్దరం.

అప్పలరాజుకి నలభై ఏళ్లుంటాయి. మరబోటు మీద వేటకెళ్లే మనిషి. ఆక్సిజన్ పెట్టాక ఆయాసం తగ్గుముఖం పట్టింది. ఐదో రోజు ఉదయం కడుపునొప్పి అన్నాడు, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. అన్ని మాత్రలు మింగుతున్నాడు కదా, గ్యాస్ అయ్యుంటుందనుకున్నాం. డాక్టరుగారు ఫోన్లో చెప్పిన ఇంజెక్షన్ చేశాను. మధ్యాహ్నం అడిగితే "పర్లేదు సిస్టర్" అన్నాడు. అదే కేస్ షీట్‌లో రాసి పక్క మంచానికి వెళ్లిపోయాను.

ఇంటివాళ్లకి వార్డులోకి ప్రవేశం లేదు. ఆయన భార్య నూకరత్నం చేపలమ్ముతుంది. ఆ రోజు వార్డుకి మూడుసార్లు ఫోన్ చేసింది. మూడోసారి విసుక్కున్నాను.

"గ్యాసేనమ్మా, ఇంజెక్షన్ చేశాం. ఎన్నిసార్లు చెప్పాలి?"

"గేస్ కాదు సిస్టరమ్మా. సేతిలో గేలం దిగిపోతే తనే పీకీసుకున్నాడు, కిక్కురుమన్లేదు. అలాటోడు ఇందాక ఫోన్లో పడుకోలేకపోతన్నాను అన్నాడు. ఓపాలి ఎల్లి ఎలా కూకున్నాడో సూడమ్మా."

వెళ్లి చూశాను. దిండు పొట్టకి అదుముకుని, తల మోకాళ్లకి తగిలేలా ముందుకు వంగి ఉన్నాడు.

"వెనక్కి వాలితే ఏమవుతోంది?"

"ఈపులోకి పొడిసేత్తంది సిస్టర్. వంగితేనే కొంచెం నయం."

"మరి పర్లేదన్నావేం?"

"మీరు పరుగులెడతన్నారు. ఏటి సెప్తాం?"

డాక్టరుగారికి మళ్లీ ఫోన్ చేశాను. ఆయన వెంటనే పీపీఈ కిట్ వేసుకుని వచ్చి, పొట్ట పైభాగం నొక్కి చూసి, లైపేజ్ పరీక్షకి రక్తం పంపమన్నారు. కడుపు వెనక ఉండే క్లోమ గ్రంథి, అదే పాంక్రియాస్, వాస్తే రక్తంలో లైపేజ్ పెరుగుతుంది. అప్పలరాజుకి అది ఉండాల్సినదానికి ఎన్నో రెట్లుంది. మామూలుగా ఇది తాగుడు వల్లో, పిత్తాశయంలో రాళ్ల వల్లో వస్తుంది. ఆయనకి మందు అలవాటు లేదు, స్కానింగ్‌లో రాళ్లూ లేవు.

"అరుదుగా ఈ వైరస్ పాంక్రియాస్‌నీ దెబ్బతీస్తుందంటున్నారు. ఖాయంగా అదేనని చెప్పలేం, కానీ వేరే కారణమేదీ కనపడటం లేదు" అన్నారు డాక్టరుగారు. ఇంకా ఆలస్యమైతే కిడ్నీల దాకా వెళ్లేదని కూడా అన్నారు.

సెలైన్ ఎక్కించాం, నొప్పికి మందిచ్చాం, గంటగంటకీ మూత్రం కొలిచాం. షుగర్ పెరిగితే ఇన్సులిన్ మొదలుపెట్టాం. అది కరోనాకిచ్చిన స్టెరాయిడ్ వల్లో, క్లోమం దెబ్బతినడం వల్లో, రెండూ కలిసో తెలియదు. ఈ వైద్యం మొదలైన మూడో రోజు వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు. వార్డులో ఆ పూట నాకు కలిగిన సంతోషం ఇంకెప్పుడూ కలగలేదు.

ఇంటికెళ్లాక రెండు నెలలకి ఇన్సులిన్ కూడా మానేయగలిగాడు.

డిశ్చార్జి రోజు నూకరత్నం గేటు దగ్గర నాకు దండం పెట్టబోయింది. చేతులు పట్టుకుని ఆపాను.

"దండం నేను పెట్టాలి. ఆ రోజు నీమీద విసుక్కున్నాను, ఏమనుకోకు."

"మీరా? ఎప్పుడు ఇసుక్కున్నారమ్మా?" అంది, నిజంగానే ఆశ్చర్యంగా.

ఇప్పుడు ఎవరు "పర్లేదు" అన్నా, ముందు ఎలా కూర్చున్నారో చూస్తాను, తర్వాత ఇంటివాళ్లని అడుగుతాను. కేస్ షీట్‌లో లైపేజ్ రిపోర్టు ఉంది, స్కానింగ్ ఉంది, మా సంతకాలున్నాయి. ఆ జబ్బుని ముందు కనిపెట్టిన మనిషి పేరు అందులో లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.