బావిలో నీళ్ళెంత లోతు?

కట్టు మార్చే ఆ నర్సు పిల్ల మీద నాకు ఇప్పటికీ కుళ్ళే.

రిటైరైన మా ఆయనకు బండి సైలెన్సరు తగిలి పిక్క కాలింది. గోదావరిఖని దవాఖానలో కట్టు విప్పిన ప్రతిసారీ వార్డంతా వినబడేలా అరిచేవాడు. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించేవాడు. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన ఆ పిల్ల, పుండుకు అంటుకున్న గుడ్డను తడుపుతూ, "ఏం పని చేసేవారు బాబాయ్?" అని అడిగింది.

"బాయిల పని బిడ్డా."

"బావిలోనా? నీళ్ళెంత లోతుంటాయి?"

ఆయన పకపకా నవ్వాడు. "నీళ్ళ బాయి గాదు బిడ్డా, బొగ్గు బాయి!" అని మొదలుపెట్టాడు. నెత్తికి లైటు కట్టుకుని దిగడం, కూలేలా ఉందేమోనని పైకప్పును కట్టెతో కొట్టి చప్పుడు వినడం, ఆ కప్పు కూలి పక్కనున్న దోస్తు చనిపోయిన రోజు, అన్నీ చెప్పాడు. గుడ్డ ఎప్పుడు ఊడిందో ఆయనకు తెలియనే లేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆ దోస్తు సంగతి నాకూ అప్పుడే తెలిసింది.

మర్నాడు కూడా ఆమె పుండు మీది నుంచి కళ్ళెత్తకుండా, "నీళ్ళు చల్లగా ఉంటాయా బాబాయ్?" అంది. కావాలనే అడుగుతోందని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా మురిసిపోతూ మళ్ళీ చెప్పాడు.

ఇంటికొచ్చాక కట్టు నేనే విప్పాను. ఆయన పళ్ళు బిగించాడు. సిగ్గు విడిచి అడిగాను.

"బాయిల నీళ్ళెంత లోతుంటయి?"

ఆయన నా వంక వింతగా చూశాడు.

"బాయి పనోని పెండ్లానివి. నీకు తెల్వదా ఏంది?"