తిరిగితే జారే మోకాలు

కబేళాలో అతన్ని అందరూ నిట్రాడు అంటారు. ఇరవై రెండేళ్లుగా గుడిసె నడిమి గుంజలా ఒకే చోట నిలబడి దున్నల్ని కోస్తున్నాడు. ఎడమ పక్క కొక్కేనికి వేలాడే కళేబరం. కుడి పక్క మొద్దు. తొడ కోయడం, తిరగడం, మొద్దు మీద పడేయడం.

నిరుడు, ఇంకా ప్రాణం పోని దున్న ఒకటి తన్నింది. మోకాల్లో ఏదో పుటుక్కుమంది. వాపు తగ్గాక తిన్నగా నడిచాడు, మెట్లెక్కాడు, బరువులు మోశాడు. తిరిగితే మాత్రం మోకాలు పక్కకు జారేది. నెత్తుటి నేల వల్లే అనుకుని, గట్టిగా పట్టే కొత్త రబ్బరు బూట్లు కొన్నాడు.

ఎదురుగా కోసేది బావమరిది. ఆ ఉదయం అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మా అక్క చెంప మీద నీ వేళ్లు లెక్కపెట్టొచ్చు బావా. ఇంకోసారి చెయ్యెత్తి చూడు."

"నోరు మూసుకుని కొయ్యరా."

నిట్రాడు విసురుగా తిరిగాడు. బూటు నేలను వదల్లేదు. మోకాలు మెలిపడి జారింది. చేతిలో కత్తి బావమరిది ముంజేతిని ఎముక దాకా చీల్చింది.

కావాలనే నరికాడన్నారు. భార్య తన తమ్ముడింటికి వెళ్లిపోయింది. మోకాలు జారిందంటే డాక్టరు చెబితే తప్ప నమ్మనని, లేదంటే కేసు పెడతానని బావమరిది ఆసుపత్రికి వెంట వచ్చాడు.

డాక్టరు అతన్ని పడుకోబెట్టింది. మడమ పట్టుకుని, పిక్కను లోపలికి తిప్పి, మోకాలిని బయటినుంచి నొక్కుతూ మెల్లగా మడిచింది. ఎముక టక్కున గెంతింది. నిట్రాడు గావుకేక పెట్టాడు.

"లోపల ఎముకల్ని కలిపి పట్టే లిగమెంట్ తెగిపోయింది. తిన్నగా నడిస్తే కండలే కాస్తాయి. మెలితిరిగితే ఆపే దిక్కు లేదు. ఆ బూట్లు మరీ ముంచాయి, పాదం అక్కడే ఉండిపోయింది, ఒళ్లు తిరిగింది. ఇకనుంచి పాదం ఎత్తి తిరుగు. తొడ కండలు గట్టిపడే దాకా కత్తి ముట్టకు. అప్పటికీ జారితే ఆపరేషనే."

"విన్నావుగా?" అన్నాడు నిట్రాడు, చెమట తుడుచుకుంటూ.

"విన్నాను. మరి అక్క చెంప పగలగొట్టింది కూడా ఆ లిగమెంటేనా?"

డాక్టరు కాగితం మీద రాయడం ఆపింది.

"కాదు," అన్నాడు నిట్రాడు. "అది నేనే."

బావమరిది కట్టు కట్టిన చేతిని గుండెకు ఆనించుకుని లేచాడు.

"కేసు పెట్టనులే. అక్క మాత్రం రాదు."

"ఎన్నాళ్లు?"

"అక్కనే అడుగు. గుమ్మం బయట నిలబడి అడుగు."