మందుల వరండాలో ఇంటిపేరు

మొన్న బీపీ మాత్రల కోసం డిస్పెన్సరీకి వెళ్ళి కూర్చుంటే గోడ మీది బోర్డులో నా నంబరు వెలిగింది. కిటికీ లోపలి అమ్మాయి తల ఎత్తకుండానే నంబరు సరిచూసుకుని మందులిచ్చి పంపింది. పని చక్కగా అయింది, అయినా ఎందుకో మనసు చిన్నబోయింది.

మేం భిలాయి సెక్టర్ 2 క్వార్టర్లో ఉన్న రోజుల్లో అక్కడి డిస్పెన్సరీ వరండాలో నంబర్లు లేవు, ఒక కాంపౌండరు గారుండేవారు. హిందీ ఆయనే అయినా తెలుగువాళ్ళందరినీ ముఖం చూసి గుర్తుపట్టేవారు. స్టీలు ప్లాంటులో చేరడానికి శ్రీకాకుళం వైపు నుంచి ఒక్క ఊరివాళ్ళమే బోలెడుమందిమి వచ్చామేమో, సగం మంది ఇంటిపేరు పొట్నూరే. మీకు తెలియనిదేముంది, మనకు ఇంటిపేరు ముందు, వాళ్ళకు వెనక. కార్డు మీద మొదట ఉన్నదే అసలు పేరనుకుని ఆయన అందరినీ అలాగే పిలిచేవారు. మా అమ్మ చిన్నది గనక ఛోటీ పొట్నూర్, వెనక వీధిలోని పెద్దమ్మ వరసావిడ పెద్దది గనక బడీ పొట్నూర్. ఆ పిలుపుకు అమ్మ మురిసిపోయేది కూడా. అందులో ప్రమాదం ఉందని మాకెవరికీ తోచలేదు.

ఆయన రిటైరయ్యారు. మోకాళ్ళ నొప్పులకని అమ్మ, షుగరుకని పెద్దమ్మ కలిసి వెళ్ళిన రోజున కొత్తాయన పొట్నూర్ అని కేకేస్తే అమ్మ లేచి పొట్లం అందుకుంది. అవి పెద్దమ్మ షుగరు మాత్రలు. మర్నాడు బియ్యం ఏరుతూ, ఒళ్ళంతా చెమటలు పట్టి, అమ్మ చాట మీదికి ఒరిగిపోయింది. ఎంత పిలిచినా పలకలేదు. అమ్మ నాకిక దక్కదనే అనుకున్నాను. పక్క క్వార్టరు దీదీ సాయంతో రిక్షాలో ఆసుపత్రికి చేర్చాక, పొట్లం చూడగానే డాక్టరుకు సంగతి అర్థమై గ్లూకోజు ఎక్కించారు. అమ్మ కళ్ళు తెరిచే వేళకు పెద్దమ్మ పరుగున వచ్చి, "ఓలమ్మో, నీ నొప్పుల మాత్రలు నా కాడున్నాయే!" అని ఏడ్చేసింది.

నాన్న, మనవాళ్ళు మరికొందరు వెళ్ళి నిలదీస్తే, మీ అందరికీ ఒకే పేరెందుకని అక్కడి ఆఫీసరు ఎదురడిగాడట. నాన్నకు అరికాలి మంట నెత్తికెక్కింది. అమ్మ మాత్రం, "ఆ బాబు తప్పేటుంది? మనింటి పేరు పిలిచినాడు, నాను లేచినాను" అని, కొత్తాయన ఉద్యోగం జోలికి ఎవరినీ వెళ్ళనివ్వలేదు. ఆ తర్వాతే నంబర్లు వేసిన రేకు బిళ్ళలు వచ్చాయి. వాటిని హిందీలో పిలిచేవారు. ఇరవై దాటితే అమ్మకు తెలియదు. సైంతీసో సైంతాలీసో, అంటే ముప్ఫై ఏడో నలభై ఏడో తేల్చుకోలేక, తనది కాదేమోనని లేవడానికే భయపడేది. నేను తోడు వెళ్ళి కూర్చునేదాన్ని.

ఒక మంచి మనిషి చూపు మీద నడిచేదాన్ని మనం మంచి ఏర్పాటనుకుంటాం. ఆ మనిషి వెళ్ళిపోయాక గానీ అక్కడ ఏర్పాటంటూ ఏమీ లేదని తెలియదు. మార్చవలసిందే, మార్చి మంచిపనే చేశారు, కానీ మా అమ్మ పడిపోయే దాకా ఆగారే అన్న కోపం నాకింకా చల్లారలేదు. ఆనాటి పొట్నూరు వాళ్ళలో కొందరు కాలం చేశారు, కొందరు భిలాయి వదిలి వెళ్ళిపోయారు, పెళ్ళితో నా ఇంటిపేరూ మారింది. ఇప్పుడెవరైనా ఆ వరండాలో పొట్నూర్ అని కేకేస్తే లేవడానికి ఎవరూ లేరు. ఆ మందు నాది కాదని తెలిసినా, నేను లేస్తాను.