యాభై ఏళ్ల పిల్లల్ని ఫోటో తీయడం

సొంత పిల్లల్ని ఫోటో తీయడం నేను డెబ్బై మూడో ఏట మొదలుపెట్టాను. అప్పటికి మా అబ్బాయికి యాభై రెండు నిండాయి. అమ్మాయికి నలభై తొమ్మిది నడుస్తోంది. కొంచెం ఆలస్యమైందని నాకూ తెలుసు.

నేర్పింది మా మనవరాలు, మా అబ్బాయి కూతురు. పురిటికని సోంపేట దగ్గరున్న మా ఊరు వచ్చి, బిడ్డ పుట్టినప్పటి నుంచి ఫోనులో పాఠాలు వినేది. తల్లులు తమ పిల్లల్ని ఎలా ఫోటో తీయాలో ఎవరో అమ్మాయి హుషారుగా చెప్పేది. బిడ్డ కంటి ఎత్తుకు మీరు రండి. కిటికీ వెలుగు వాడుకోండి. కడుపు నిండాక తీయండి. ఇష్టమైన బొమ్మ చేతికివ్వండి. నవ్వమని అడగకండి. పక్క మంచం మీద కూర్చుని జీడిపప్పు పొట్టు తీస్తూ నేనవన్నీ వినేదాన్ని. నెల తిరిగేసరికి పాఠాలు నాకు కంఠతా వచ్చాయి, ఆ పసిదాని ఫోటోలతో మనవరాలి ఫోను నిండిపోయింది. నా పిల్లలిద్దరికీ కలిపి వాళ్ల పెళ్లిళ్లకు ముందు తీయించినవి రెండంటే రెండు. రెండూ టెక్కలి స్టూడియోలో తీయించినవే. రెండింటిలోనూ అబ్బాయి ఏడుస్తున్నాడు, అమ్మాయి మొహం నా పైట చాటున ఉంది.

ఈ లెక్క సరిచేద్దామనే మొదలుపెట్టానని అందరికీ చెప్పాను. అసలు సంగతి వేరు. ఇదే మనవరాలి పెళ్లిలో, రిసెప్షన్‌కు పెళ్లికూతురు వేసుకోవలసిన రవికె పలాసలో దర్జీ దగ్గర ఉండిపోయింది. దాన్ని తేవడానికి మా అబ్బాయి పంపింది తన చెల్లెల్నే. ఆమె అటు వెళ్లగానే, కుటుంబం ఫోటో తీసేస్తాను, ఎండ దిగిపోతోంది అన్నాడు ఫోటోగ్రాఫరు. సరే అన్నాడు మా అబ్బాయి. ఆ ఫోటోలో పెళ్లికూతురి స్నేహితురాళ్లున్నారు, వంటమేస్త్రి బావమరిది ఉన్నాడు. మేనత్త లేదు. మా అమ్మాయి తిరిగొచ్చి, రవికె అన్న చేతిలో పెట్టి, భోజనం చేయకుండా తనుండే టెక్కలికి బస్సెక్కేసింది. అప్పటి నుంచి ఏడాదిన్నర, అన్నాచెల్లెళ్లకు మాటల్లేవు. నాతో ఫోనులో మాట్లాడేది. అన్న ఊసు నేనెత్తగానే టెక్కలిలో సిగ్నల్ పోయేది.

నాకు కావలసింది ఒక్కటే. వాళ్లిద్దరూ ఒక ఫోటోలో ఉండాలి. దానికి ముందు ఒక్కొక్కర్నీ విడిగా తీసి చెయ్యి అలవాటు చేసుకుందామనుకున్నాను.

మనవరాలు తన పాత ఫోను నాకిచ్చింది. మా అబ్బాయి కడుపు నిండా తిన్నాక కిటికీ దగ్గర నిలబెట్టాను. వాడి కంటి ఎత్తుకు రావాలంటే నేను స్టూలు ఎక్కవలసి వచ్చింది. ఇష్టమైన బొమ్మ ఏదా అని ఆలోచించి టీవీ రిమోటు చేతికిచ్చాను. నవ్వమని అడగలేదు. అడిగినా లాభం లేదు. ఫోను ఎత్తగానే వాడు చేతులు రెండూ పక్కలకు అంటించి, గడ్డం పైకెత్తి, గోడకు కొట్టిన మేకులా నిలబడ్డాడు.

"ఏటమ్మా, ఇది ఏ పథకానికి?"

"ఏ పథకానికీ కాదురా. కొడుకువని తీత్తన్నాను."

"మరైతే ఆధార్ కార్డు అక్కర్లేదేటి?"

వాడి తప్పేమీ లేదు. మా వైపు పెద్దవాళ్లకు ఫోటో అంటే రుజువు. ఇల్లు మంజూరైతే పునాది ముందు నిలబడాలి. మరుగుదొడ్డి కడితే దాని తలుపు పక్కన నిలబడాలి. గాలివానకు చెట్టు పడితే పడిన చెట్టు పక్కన నిలబడాలి. ఆ ఫోటోల్లో నవ్వినవాణ్ని నేను చూడలేదు. నవ్వితే బిల్లు ఆగిపోతుందన్నట్టు ఉంటారు.

తరువాత టెక్కలి వెళ్లాను. మా అమ్మాయి చీర మార్చుకుని, తల దువ్వుకుని వచ్చి, కొత్త ఫ్రిజ్ మీద చెయ్యి వేసి నిలబడింది.

"అన్నియ్యకి సూపించకు," అంది ఫోటో తీయకముందే.

"సూత్తే ఏటౌతాది?"

"ఆయన ఆల్బంలో నాను లేను. నా ఫోటో ఆయనకెందుకు?"

ఇంటికొచ్చి రెండూ మనవరాలికి చూపించాను. అది కాసేపు ఫోను మీద వేళ్లు ఆడించి నా చేతికిచ్చింది. రిమోటు పట్టుకున్న అన్న, ఫ్రిజ్ మీద చెయ్యి వేసిన చెల్లెలు, భుజం భుజం రాసుకుంటూ ఉన్నారు. పండగ బేరాలప్పుడు టీవీలు, ఫ్రిజ్‌లు అమ్మే దుకాణం వాళ్లు పంచే కాగితంలా ఉంది.

"సూడు మామ్మా, కలిపేశాను."

"అన్న ఫోటోది ఒక తేదీ, చెల్లెలిది ఇంకో తేదీ. ఒక ఫోటోకి రెండు తేదీలుంటే అది దొంగ ఫోటో. తీసెయ్," అన్నాను.

అది మూతి ముడుచుకుంది గాని తీసేసింది.

ఆ తరువాత గాలివాన వచ్చింది. ఇల్లు నిలిచింది. తోటలో కొబ్బరిచెట్లు చాలా పడ్డాయి. ఆ తోట మా ఆయన పోకముందే పిల్లలిద్దరి పేర రాయించారు. నష్టం రాసుకోవడానికి గ్రామ సచివాలయం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పట్టాలో పేరున్న ఇద్దరూ పడిన చెట్టు దగ్గర నిలబడాలని, ఒక్కరుంటే యాప్ తీసుకోదని చెప్పింది. నేను ఏడాదిన్నరగా చెయ్యలేని పని ఒక యాప్ చేయబోతోందని నాకప్పుడే తోచింది.

"దానికి నువ్వే సెప్పమ్మా," అన్నాడు మా అబ్బాయి, వేరే వైపు చూస్తూ.

ఫోను చేశాను. ఈసారి సిగ్నల్ పోలేదు. మర్నాడు మా అమ్మాయి సోంపేటలో బస్సు దిగి, ఆటోలో ఇంటి మీదుగా పోయి, ఇంట్లోకి రాకుండా నేరుగా తోటకే వెళ్లింది. నేను ఫోను పట్టుకుని వెనకే నడిచాను.

అన్న చెట్టు మొదలు దగ్గర నిలబడ్డాడు. చెల్లెలు చివర మొవ్వు దగ్గర నిలబడింది. మధ్యలో కొబ్బరిచెట్టంత దూరం.

"అంత దూరమైతే మొహాలు కనబడవండీ. కొంచెం దగ్గరికి జరగండి," అంది సచివాలయం అమ్మాయి.

"సెట్టునే పొట్టిగా తియ్యమ్మా," అంది మా అమ్మాయి.

"ఆవిడ్ని జరగమనండి," అన్నాడు మా అబ్బాయి.

"ఆయన్ని జరగమను."

చివరికి ఇద్దరూ అడుగులో అడుగు వేసుకుంటూ, ఎవరు ఎక్కువ జరిగారో చూసుకుంటూ, నడిమికి వచ్చారు. ఆ నడిమి భాగం పక్కనున్న జీడిచెట్టు మీద పడి, దాని కొమ్మలు విరుచుకుని ఉంది. ఆ కొమ్మల నిండా ఎర్రచీమల గూళ్లు. గూడు చెదిరిన చీమలు ఊరుకోవు గదా.

"కదలకు. నీ మెడ మీద ఎర్రసీమ ఉన్నాది," అన్నాడు మా అబ్బాయి. ఏడాదిన్నరలో చెల్లెలితో వాడు అన్న మొదటి మాట అది.

"ఉంటే నీకేటి?"

"కుడతాది."

"కుట్టనీ... అబ్బా! ఏటి సూత్తన్నావు, తియ్యి బేగి!"

వాడు తీసి పారేశాడు. అంతలో వాడి చొక్కాలో దూరినవి వాణ్ని పట్టుకున్నాయి. వాడు గెంతుతుంటే మా అమ్మాయి వెనక్కి వెళ్లి వీపు మీద ఒక్కటి చరిచింది. చీమకు అంత దెబ్బ అక్కర్లేదు. మళ్లీ ఒకటి చరిచింది.

"సీమ పోయింది కదే, ఇదెందుకు?"

"ఇది రవికెకి."

"కొట్టు. ఇంకో రెండు కొట్టు. తప్పు నాదే," అన్నాడు వాడు, వీపు అలాగే వంచి.

మూడోది కొట్టింది. నేను ఫోను నొక్కాను.

పాఠాల్లోని ఒక్క నియమమూ అప్పుడు గుర్తు లేదు. ఎండకు ఎదురుగా తీశాను. వంకరగా తీశాను. నా వేలు ఒక మూల అడ్డంగా పడింది. వాడిది వీపు, దానిది ఎత్తిన చెయ్యి, తెరిచిన నోరు. కోపంతో తెరిచిందో నవ్వుతూ తెరిచిందో ఫోటో చూసి ఎవరూ చెప్పలేరు. దగ్గరే నిలబడి చూసిన నేనూ చెప్పలేను.

చీమలన్నీ దులుపుకున్నాక ఇద్దరూ మళ్లీ చెట్టు పక్కన, చేతులు కిందికి దించి, మొహాలు బిగించి నిలబడ్డారు. సచివాలయం అమ్మాయి నవ్వు ఆపుకుని తన ఫోటో తీసుకుంది. యాప్ దాన్ని మారు మాట లేకుండా తీసుకుంది.

నా ఫోటో మా అమ్మాయి చూసింది. "ఈ నోరేటి, బస్సు కండక్టరులా! తీసెయ్యమ్మా," అంది. తీసేయనన్నాను. దీనికి తేదీ ఒక్కటే ఉందన్నాను.

మా అబ్బాయి పడిన చెట్టు వైపు చూస్తూ, "వచ్చే నెల పాపకి అన్నప్రాసన," అన్నాడు.

"ఎవరికి సెప్తన్నావు, సెట్టుకా?"

"సెట్టు రాదు కదా. నీకే."

"ఫోటో ఎన్నింటికో ముందే సెప్పు. ఆ బస్సుకే వత్తాను."

"నువ్వు బస్సు దిగినాకే తీత్తారు. ముందు తీత్తే నాను నిలబడను."

ఆమె మెడ మీద దద్దురు గీరుకుంటూ, కాస్త కొబ్బరినూనె రాసుకుంటే గాని బస్సెక్కలేనంది. నూనె ఇంట్లో ఉంది. ఆటో అబ్బాయి తోట గట్టు దగ్గరే కాచుకుని ఉన్నాడు. అతన్ని వెళ్లిపొమ్మని చెప్పి, అన్న కంటే ముందుగా ఇంటి దారి పట్టింది.