పడుకున్న గీతలు

మా ప్రయోగశాలలో అందరూ ఆవిడను అద్దాలక్కయ్య అనేవారు. కళ్లజోడు వల్ల కాదు. లోహపు ముక్కను గరుకు కాగితాల మీద రుద్ది రుద్ది, చివర వజ్రపు పొడితో మెరుగుపెట్టి, అందులో మన ముఖం మనకు కనబడేదాకా వదిలేది కాదు. గొట్టాన్ని ఉంగరాలుగా కోసిచ్చే పని నాది. పద్నాలుగేళ్లు ఆవిడ పక్కబల్ల దగ్గర కూర్చుని, ఆవిడ నిదానం చూసి విసుక్కున్నవాణ్ణి.

అణు రియాక్టర్‌లో ఇంధనపు బిళ్లల్ని వేలెడు లావు గొట్టాల్లో పేరుస్తారు. లోపలిది బయటికి పొక్కకుండా కాచేది ఆ పల్చటి గోడే. వేడినీళ్లలో ఏళ్లు గడిచేకొద్దీ హైడ్రోజన్ ఆ గోడలోకి దిగి సన్నటి నల్లగీతలవుతుంది. గీతలు గోడ వెంబడే సాగితే భయం లేదు. గోడకు అడ్డంగా నిలిస్తే పగులుకు దారి దొరికినట్టే. మా భాషలో మొదటివి పడుకున్నవి, రెండోవి లేచినవి.

మైక్రోస్కోపులో కన్ను పెట్టిందంటే అక్కయ్య ఈ లోకంలో ఉండేది కాదు.

"ఏం కనబడుతోందక్కయ్యా?"

"మబ్బుపట్టిన సాయంత్రం. కింద ఏరు. ఏట్లో ఎవరో జుట్టు విప్పుకున్నారు."

"అబ్బో! రిపోర్టులో కూడా అదే రాయండి, బాగుంటుంది."

నవ్వేది. ఆ నవ్వు మధ్యలోనే మళ్లీ ఏటి ఒడ్డుకు వెళ్లిపోయేది.

వాళ్లాయన దర్జీ. ఇంటి కిందే కొట్టు. రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసి "మన పిల్లలు పడుకున్నారా?" అని అడిగేవాడు. "ఎప్పుడో పడుకున్నారు" అనేది అక్కయ్య. వాళ్లకు పిల్లలు లేరు. ఒకసారి కొలతలివ్వడానికి వచ్చినావిడ "అయ్యో, పసివాళ్లను ఒంటరిగా వదిలేసి ఉద్యోగానికి వెళ్తుందా మీ ఆవిడ?" అని దులిపేసిందట. ఆయన ఆ మాట చెప్పి చెప్పి నవ్వించేవాడు.

అక్కయ్య ఉద్యోగం ఇంకో వారంలో ముగుస్తుందనగా కొత్త లోహపు గొట్టం వచ్చింది. మా పెద్దసారు నాలుగేళ్ల కష్టం అది. దానికి హైడ్రోజన్ ఎక్కించి, ఒత్తిడికి గీతలు లేస్తాయేమో చూడాలని లోపల ఒత్తిడి పెట్టి, వేడిచేసి, చల్లార్చారు. ఒత్తిడి పడేది మధ్యభాగం మీదే. రెండు చివర్లూ బిగింపులో ఉంటాయి. కొలిమి దగ్గరివాళ్లు గొట్టాన్ని సగానికి కోసి, ఒక సగం మీద పెన్సిల్‌తో మధ్యకు 'మ' అని, మొదలుకు 'మొ' అని రాసి పంపారు. కోసే ముందు నేను స్పిరిట్ గుడ్డతో అలవాటుగా ఒక్క తుడుపు తుడిచాను. 'మొ'కున్న గుణింతం కాస్తా చెరిగిపోయింది. కనబడిన 'మ' దగ్గర కోసిచ్చాను.

అక్కయ్య చూసింది. "పడుకునే ఉన్నాయి" అని సంతకం పెట్టింది. పెద్దసారు గాల్లో తేలిపోయారు.

మర్నాడు ఆవిడ నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. "ఇంత మొద్దునిద్ర నేనెప్పుడూ చూడలేదురా. ఇంకో ముక్క కొయ్యి."

నాకు ఒళ్లు మండింది. "నా కోత మీద అనుమానమా?" అంటూ మిగిలిన గొట్టాన్ని తీశాను. అప్పుడు కనబడింది, అటు చివర ఇంకో 'మ'. ముందు నేను కోసింది 'మొ'.

అది కోసిచ్చాను. అక్కయ్య మెరుగుపెట్టి, ఆమ్లంతో తుడిచి, మైక్రోస్కోపులో కన్ను పెట్టింది. "అన్నీ లేచి నిలబడ్డాయి" అంది, నిద్రలోంచి మాట్లాడినట్టు.

"సారుతో నేను చెప్తానక్కయ్యా. తప్పు నాదే."

"నీకింకా ఇరవై ఏళ్ల ఉద్యోగముంది. ఊరుకో."

ముప్పై ఒక్కేళ్లలో ఆవిడ మాట ఒక్కసారీ తప్పని తేలలేదు. ఆ పేరు తప్ప అక్కణ్ణుంచి ఇంటికి తీసుకెళ్లడానికి ఆవిడకు వేరే ఏముంది? ఆవిడ లేచి పెద్దసారు గదికి నడిచింది. నేను వెనకే వెళ్లాను. తలుపు దగ్గర ఆగిపోయాను. లోపల ఆవిడ గొంతు వినబడింది: "ముక్క సరిగా చూసుకోకుండా సంతకం పెట్టానండీ. పొరపాటు నాదే." నోరు తెరవాల్సింది అప్పుడే. తెరవలేదు. సిగ్గు లేకపోయింది నాకు.

వీడ్కోలు రోజున దర్జీగారు తను కుట్టిన కోటు వేసుకుని ముందు వరసలో కూర్చున్నారు. పెద్దసారు మంచి మనసుతోనే అన్నారు: "ముప్పై ఒక్కేళ్లలో మా అద్దాలక్కయ్య చేసింది ఒకే ఒక్క పొరపాటు. అది కూడా వారం రోజులు ముందే ఇంటికెళ్లిపోయిన మనసు చేసింది!"

అందరూ నవ్వారు. అక్కయ్యా నవ్వింది. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను.